బయటిదేదీ వద్దు, ఇడ్లీ తప్ప

మా పరిషత్తుకు స్వావలంబన పట్టిన రోజు నాకు బాగా గుర్తు. ఆ రోజు నూకరత్నం గారి అల్లం చట్నీలో కారం కాస్త ఎక్కువైంది. మా డైరెక్టరు విశ్వపతి గారు కళ్ళు తుడుచుకుంటూ ప్రసంగించారు. ఆయన దేశభక్తితో కన్నీళ్ళు పెట్టుకుంటున్నారనుకుని మేమూ తలో కన్నూ తుడుచుకున్నాం.

పరిషత్తంటే పురజల సమాచార పరిషత్తు. గోదారి ఒడ్డునున్న మా ఊళ్ళో, కిటికీ తీస్తే గోదారి కనపడే మేడలో ఉంటుంది. ఊరి కుళాయిలకు నీళ్ళు వదిలే పని పూర్వం మనుషులు చేసేవారు. పొడుగాటి పానా భుజాన వేసుకుని వీధి వీధికీ తిరిగి వాల్వులు తిప్పేవారు. తర్వాత వాల్వులకు మోటార్లొచ్చాయి, మోటార్లకు కంప్యూటరొచ్చింది. ఏ వీధి వాల్వు ఎప్పుడు తెరవాలో చెప్పే కోడు నేను రాశాను. దాని పేరు జలగడియ. చుట్టుపక్కల పట్టణాల వాళ్ళు కూడా తమ ప్రోగ్రాముల్లో దాన్నే పెట్టుకున్నారు. అలా పదిమందీ తెచ్చుకుని వాడుకునే కోడుని మా వాళ్ళు లైబ్రరీ అంటారు. ఒకావిడ సాంబారు పొడి కొట్టి ఉంచితే, వీధిలో వాళ్ళంతా తలో చెంచా పట్టుకెళ్ళి ఎవరి సాంబారు వాళ్ళు కాచుకున్నట్టన్నమాట.

ఆ పొడిలో ఒక లోటుండిపోయింది. జలగడియ ‘తెరుచుకో’ అంటే వాల్వు ‘తెరుచుకున్నాను’ అని జవాబివ్వాలి. ఒక్కోసారి వాల్వు మొరాయిస్తుంది, జవాబు రాదు. రాలేదని జలగడియకు తెలుస్తుంది. తెలిసి ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు, దానికి నోరు లేదు. ప్రోగ్రాము తన లోపల జరిగేది ఎప్పటికప్పుడు చెప్పుకోవడాన్ని లాగింగ్ అంటారు. ఆ పనికి ప్రపంచంలో తయారుగా బోలెడు పరికరాలున్నాయి, అందులో చాలావరకు ఉచితం. ఒకటి తగిలిస్తే, ఏ వీధిలో వాల్వు బిగుసుకున్నా డ్యూటీ ఇంజనీరు ఫోను మోగుతుంది. తగిలించడానికి అనుమతి ఇప్పించమని ఒక పేజీ నోటు పెట్టాను.

నోటు పెట్టడానికి కారణం నూకరత్నం గారు. ఆవిడ మా ఆఫీసు వెనక తాటాకుల సందులో టిఫిను కొట్టు నడుపుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, వంట రాని బ్రహ్మచారినై ఊళ్ళో తిరుగుతుంటే, ఆవిడ ఇడ్లీయే నన్ను మనిషిని చేసింది. మా ఆఫీసుకు రోజూ టిఫిను ఆవిడే పంపుతుంది. ఊరంతటిలోకీ ఎక్కువగా మొరాయించే వాల్వు ఆవిడ సందుదే. నీళ్ళు లేకపోతే పిండి లేదు, పిండి లేకపోతే కొట్టు లేదు. ఇంతకంటే నా నోటులో వేదాంతమేమీ లేదు.

కానీ ఆ వారమే విశ్వపతి గారు ఏదో సదస్సుకు వెళ్ళొచ్చారు. ఎక్కడో ఒకాయన నాలుగు వరుసల కోడు రాసి అందరికీ ఊరికే ఇచ్చాడనీ, తర్వాత అలిగి వెనక్కి తీసేసుకుంటే దాన్ని నమ్ముకున్న కంపెనీలన్నీ బోర్లా పడ్డాయనీ అక్కడెవరో చెప్పారట. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ నిజం మా డైరెక్టరు గారి చేతికి చిక్కితే దాని గతి వేరేగా ఉంటుంది.

“మిత్రులారా, పరాధీనతే మరణం!” అన్నారు ఆయన, ఇడ్లీ ముక్క చట్నీలో ముంచి. “మన కోడు, మన కాళ్ళ మీద, మన కోసం నిలబడాలి. గోపాలం గారి నోటు చూశాను. సకాలంలో పెట్టారు. దాన్ని తిరస్కరించడంతోనే మన ఉద్యమం ప్రారంభమవుతోంది.”

గోపాలాన్ని నేనే.

పరిపాలనాధికారి తటవర్తి గారు నా నోటు చేతిలోకి తీసుకున్నారు. ఆయన మామూలుగా మాట్లాడినా ఫైలు చదివినట్టే ఉంటుంది. ఇంట్లో భార్య కాఫీ ఇస్తే ‘స్వీకరించడమైనది’ అంటారని ప్రతీతి.

“ఇందులో ‘బయటి పరికరం’ అని ఉన్నది. బయటి అనగా?” అన్నారు.

“మనం రాయనిదండి.”

“మనం రాయనిదానిని మన నీళ్ళలోకి రానిచ్చుట సబబా?”

“నీళ్ళలోకి కాదండి. వాల్వు తెరుచుకోలేదని చెప్పడానికి.”

“ఎవరికి?”

“మనకేనండి.”

“మన సంగతి మనకు చెప్పుటకు బయటివాడెందుకు?” అన్నారు తటవర్తి గారు. అందరూ బల్లలు చరిచారు.

నేను వదలలేదు. “పోనీ అండి, లైబ్రరీని ఏ పరికరానికీ కట్టొద్దు. ఒక కన్నం మాత్రం ఉంచుదాం. దాన్ని వాడుకునే ఊరివాళ్ళు తమకి నచ్చిన పరికరం ఆ కన్నానికి తగిలించుకుంటారు. అక్కర్లేనివాళ్ళు వదిలేస్తారు. లైబ్రరీ దేని మీదా ఆధారపడినట్టు కాదు, అలాగని నోరు లేనట్టూ కాదు.”

ఈ పనిలో తలపండినవాళ్ళు చేసేది ఇదే. తటవర్తి గారి ముఖం మాత్రం పాలిపోయింది.

“ప్రభుత్వ కోడుకు కన్నమా! కన్నము వేయువారిని లోకంలో ఏమందురో తమకు తెలియనిది కాదు.”

కన్నపు ప్రతిపాదనను ముక్తకంఠంతో ఖండించారు. ఆ తర్వాత ‘పరాధీనతా నిర్మూలన సంఘం’ ఏర్పడింది. విశ్వపతి గారు అధ్యక్షులు, తటవర్తి గారు ఉపాధ్యక్షులు. కన్వీనరుగా నన్నే వేశారు. నోటు పెట్టినవాడి మెడకే గంట కట్టడం మా పరిషత్తు ఆచారం.

బయటిది వద్దు కనక లాగింగ్ పరికరం మనమే తయారు చేసుకోవాలని సంఘం తీర్మానించింది. దానికి ‘స్వవాణి’ అని పేరు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. నేను రాసుకొచ్చి చూపించాను. ఒక లోపం జరిగితే ఒక వరుస పడుతుంది: ఫలానా సమయానికి, ఫలానా వీధిలో వాల్వు తెరుచుకోలేదు.

“ఈ సమయం ఎక్కడిది?” అన్నారు విశ్వపతి గారు.

“కంప్యూటరు గడియారానిదండి. అది బయట ఒక పెద్ద సర్వరును అడిగి సరిచూసుకుంటుంది.”

“అంటే కాలం కూడా మనది కాదా?” కాలం కొట్టేశాం.

“వీధుల పేర్లు?” అన్నారు తటవర్తి గారు.

“మున్సిపాలిటీ వాళ్ళిచ్చిన జాబితాలోవండి.”

“అది వేరే శాఖ.” వీధుల పేర్లు కొట్టేశాం.

“ఈ ‘వాల్వు’ అన్న మాట?”

“వాల్వు తయారు చేసిన కంపెనీ వాళ్ళదండి” అన్నాను నేను, అప్పటికే విసిగిపోయి. దాన్నీ కొట్టేశారు. చివరికి స్వవాణి పలకడానికి మిగిలిన వాక్యం ఒకటే: ‘ఏదో జరిగింది.’

“క్లుప్తంగా, గంభీరంగా ఉంది” అని విశ్వపతి గారు మెచ్చుకున్నారు. ఈ వాక్యం ఎవరికి చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. బయటికి చెబితే బయటివాళ్ళ మీద ఆధారపడినట్టే కదా. అందుకని జలగడియ తన లోపాన్ని తనకే చెప్పుకుని, తనే విని, తనే ఊరుకోవాలని నిర్ణయించారు. తటవర్తి గారు దీనికి ‘స్వీయ ధ్రువీకరణ’ అని పేరు పెట్టారు. తుది ఆమోదం వచ్చే వరకు ప్రయోగాత్మకంగా అమలు చేయమన్నారు.

అమలైన మర్నాటి నుంచి నీళ్ళ ఆఫీసులన్నిటిలో స్క్రీన్ల మీద పెద్ద పచ్చక్షరాలతో ‘లోపాలు: శూన్యం’ అని వెలగడం మొదలైంది.

తర్వాత ఉద్యమం కోడు దాటి ఆఫీసులోకి దిగింది. గోడ గడియారం బ్యాంకు వాళ్ళు బహూకరించింది, తీసేశారు. క్యాలెండరు బంగారం కొట్టు వాళ్ళది, చుట్టి అటక మీద పడేశారు. గేటు దగ్గర కాపలాదారు ఏజెన్సీ మనిషి కనక అతన్ని పంపేసి, ఉద్యోగులే వంతులవారీగా కాపలా కాయాలన్నారు. తటవర్తి గారి వంతు వచ్చిన రోజు ఆయన గుర్తింపు కార్డు ఇంట్లో మరిచిపోయారు. నిబంధన ప్రకారం తనను తాను లోపలికి రానివ్వక, సాయంత్రం దాకా ఎండలో నిలబడి, ఆ క్రమశిక్షణకు తనను తానే అభినందించుకుంటూ ఇంటికెళ్ళారు.

ఇంతా అయ్యాక నేను సంఘంలో ఒక సందేహం అడిగాను. “మరి ఇడ్లీ అండి?”

అందరూ తమ తమ ప్లేట్ల వైపు చూసుకున్నారు. గోదారి మీద లాంచీ కూత కూడా వినపడింది.

“ఇడ్లీ బయటిదని ఎవరన్నారు?” అన్నారు చివరికి విశ్వపతి గారు. “ప్లేటులో ఉన్నంతసేపే బయటిది. తిన్నాక మనలోపలిదే కదా!”

అంతటి తర్కానికి తిరుగేముంది? ఇడ్లీ నిలిచింది. నిలవడమే కాదు, గడియారం లేని ఆఫీసులో అదే గడియారమైంది. ఇడ్లీ వస్తే పొద్దున్న అయినట్టు. ఇడ్లీ వచ్చాకే సమావేశం మొదలుపెట్టాలని తటవర్తి గారు రాతపూర్వకంగా రూలింగిచ్చారు.

ఇక్కడ మేం ఇలా నిర్మూలిస్తూ ఉండగా తాటాకుల సందు వాల్వు బిగుసుకుపోయింది. జలగడియ తనకు తాను ‘ఏదో జరిగింది’ అని చెప్పుకుని ఊరుకుంది.

నేను కొట్టుకెళ్ళేసరికి నూకరత్నం గారు కుళాయి కింద ఖాళీ బిందె పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. కుళాయి బుస్సుమని గాలి వదులుతోంది.

“ఏం తమ్ముడూ, మీ ఆఫీసోళ్ళేం సేత్తన్నారు?” అంది. “మా సందులోకి సుక్క రావట్లేదని నీళ్ళాఫీసుకెళ్ళి సెప్పాను. ఆడెవడో అద్దం సూపించి, ‘లోపం లేదమ్మా, శూన్యం’ అన్నాడు. నా కుళాయి ఎండిపోయిందని నేను సెప్తంటే, లేదని ఆ అద్దం సెప్తాదా?”

“వాళ్ళకి అద్దంలో కనపడితేగాని మనిషిని పంపరు అక్కా.”

“పక్కీదిలోంచి మోసుకొత్తన్నాను. మోకాళ్ళు పట్టేత్తన్నాయి. గారెలు మానేశాను, దోసెలు మానేశాను. ఇడ్లీ ఒక్కటీ మీ కోసం ఆపలేక వేత్తన్నాను. జనం బస్టాండు కాడ బండికి మరిగేరు. ఇట్టాగే ఉంటే పొయ్యి ఆర్పేసి మా ఆడపడుచు ఊరెల్లిపోతాను. ఎవరి కోసం ఈ తిప్పలు?”

నాకు ఒళ్ళు మండింది. తిన్నగా తటవర్తి గారి దగ్గరికెళ్ళాను.

“సార్, తాటాకుల సందులో నీళ్ళు లేవు. నేను కళ్ళారా చూసొచ్చాను.”

“మీరు చూచునప్పుడు ఎక్కడ ఉంటిరి?”

“సందులోనండి.”

“అనగా బయట. బయటి సమాచారంపై ఆధారపడుట సంఘ తీర్మానమునకు విరుద్ధము.”

“మరి లోపలి సమాచారం?”

“శూన్యమని స్పష్టముగా ఉన్నది కదా. శూన్యము చాలదా?” అన్నారు ఆయన, నా మీద జాలిపడి.

నేనే వెళ్ళి వాల్వు తిప్పుదామంటే పానా లేదు. పాత పానాలన్నిటినీ మా ఆవరణలోనే అద్దాల బీరువాలో పెట్టి, ‘మన వారసత్వ సంపద’ అని బోర్డు తగిలించి తాళం వేశారు. తాళం చెవి బయట తయారైందని దాన్నీ ఎక్కడో పడేశారు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమంటే ఏమిటో, గోదారి ఒడ్డునే ఉండి నాకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత ఒక రోజు స్వవాణికి తుది ఆమోదమివ్వడానికి సంఘం కూర్చుంది. కూర్చుంది గానీ మొదలవలేదు. ఎండ బల్ల మీదికి, బల్ల మీంచి కుర్చీల మీదికి జరిగింది. విశ్వపతి గారు నీరసంగా కుర్చీలో కదిలారు.

“సమావేశం ఇంకా ఎందుకు మొదలవలేదు?”

“ఇడ్లీ రాలేదండి.”

“ఇడ్లీ ఎందుకు రాలేదు?”

“రుబ్బిన పిండి ఉంది గానీ ఉడికించడానికి నీళ్ళు లేవండి. నూకరత్నం గారు ఇవాళ పొయ్యి ముట్టించలేదు.”

“నీళ్ళెందుకు లేవు?”

“వాల్వు తెరుచుకోలేదండి.”

“మరి మనకెందుకు తెలియలేదు?”

“చెప్పే సాధనం లేదండి. దాన్ని గురించి తేల్చడానికే ఈ సమావేశం.”

“అయితే వెంటనే మొదలుపెట్టండి!”

“ఇడ్లీ రాలేదండి.”

అప్పుడు గదిలో ఒక శబ్దం వినపడింది. ఎక్కడో మేఘం ఉరిమినట్టు మొదలై, బిందెలోంచి నీళ్ళు గుడగుడమన్నట్టు ముగిసింది. అందరం కిటికీ వైపు చూశాం. ఆకాశం తేటగా ఉంది. శబ్దం మళ్ళీ వచ్చింది. ఈసారి అది అధ్యక్షుల వారి కడుపులోంచి వచ్చిందని తెలిసి మర్యాదగా తలలు దించుకున్నాం.

తటవర్తి గారు ఒక్కరే తల దించలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది.

“అధ్యక్షా, ఈ ధ్వని ఎచ్చటి నుండి వెలువడినది?”

“నా లోపలి నుంచేనయ్యా, ఇంకెక్కడి నుంచి!”

“లోపలి నుండి!” తటవర్తి గారు లేచి నిలబడ్డారు. “నీరు లేనిచో ఇడ్లీ లేదు. ఇడ్లీ లేనిచో తమ ఉదరము ఘోషించును. ఇది బయటి పరికరము కాదు. ఎవరో రాసినది కాదు. ఎవరూ అలిగి వెనుకకు తీసుకొనజాలరు. అధ్యక్షా, మనము ఇన్నాళ్ళు వెదకుచున్న అంతర్గత లాగింగ్ సాధనము తమ వద్దనే ఉన్నది!”

విశ్వపతి గారు తన కడుపు మీద చెయ్యి వేసుకుని, దాన్ని మొదటిసారి చూసినట్టు చూశారు.

ఆకలి వేగంతో ఉత్తర్వు తయారైంది: ‘తాటాకుల సందులోని నీటి లోపమును అంతర్గత సాధనమగు ఉదరము ద్వారా గుర్తించడమైనది. ఇందుమూలముగా, ఇకపై సకల లోపముల నమోదునకు ఉదరమే అధీకృత సాధనము.’ నీళ్ళాఫీసు వాళ్ళు తమ పనిముట్లతో పరుగెత్తి వాల్వు విడిపించారు. మధ్యాహ్నానికల్లా వేడివేడి ఇడ్లీ వచ్చింది. సంగతంతా చెబితే నూకరత్నం గారు పొట్ట పట్టుకుని నవ్వింది.

“మీ డైరెక్టరు గారి కడుపు సల్లగుండ!” అంది. ఆ దీవెన అంత వేగంగా ఫలిస్తుందని ఆవిడా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

ఊరికి సంగతి పొక్కింది. తాటాకుల సందు వాళ్ళకి నీళ్ళెందుకొస్తున్నాయో తెలియగానే మిగతా వీధుల వాళ్ళు ఊరుకుంటారా? మర్నాడు పొద్దున మార్కెట్ వీధి నుంచి పూరీ వచ్చింది. కుమ్మరి వీధి నుంచి పెసరట్టు, దాంతోపాటు ఉప్మా. రేవు వీధి వాళ్ళు గారెలు, స్టేషను రోడ్డు వాళ్ళు పొంగలి. ప్రతి వీధీ తన టిఫిను తను పంపుతుంది. ఏ వీధి టిఫిను రాకపోతే ఆ వీధిలో నీళ్ళు లేనట్టు. డ్యూటీ ఇంజనీరు డైరెక్టరు గారి గది గుమ్మంలో నిలబడి, “సార్, గారె తగిలిందా?” అని అడుగుతాడు. ఆయన కళ్ళు మూసుకుని, కడుపుని అడిగి, “లేదు, రేవు వీధి చూడండి” అంటారు.

నిజం చెప్పాలి, ఆ పద్ధతి పనిచేసింది. నేను రాసిన స్వవాణి కన్నా వంద రెట్లు బాగా పనిచేసింది. అదే నాకు చిరాకు తెప్పించింది.

చిక్కులు లేకపోలేదు. స్టేషను రోడ్డు వాళ్ళ పొంగలి ఎంత చప్పగా ఉండేదంటే, తిన్నా తిన్నట్టు ఉండేది కాదు. దాంతో అక్కడ వాల్వు బాగానే ఉన్నా లోపమని నమోదయ్యేది. త్రేన్పు వస్తే ఏ పద్దు కింద వేయాలన్న దాని మీద సంఘం రెండు అభిప్రాయాలుగా చీలింది. ప్రతి వీధీ తప్పనిసరిగా నమోదు కావాలి కనక విశ్వపతి గారు ఏ ప్లేటూ వదలడానికి వీల్లేదు. “సాధనము విశ్రమించరాదు” అని తటవర్తి గారు పక్కన నిలబడి వడ్డించేవారు. డైరెక్టరు గారు పాపం నోరెత్తకుండా తిన్నారు. ఆయన మూర్ఖుడే గానీ పిరికివాడు కాడు.

పక్క పట్టణాల వాళ్ళు కూడా జలగడియనే వాడుతున్నారు కదా, వాళ్ళూ టిఫిన్లు పంపడం మొదలుపెట్టారు. ఆ వారంలోనే విశ్వపతి గారిని ఆస్పత్రిలో చేర్చారు. డాక్టరు పరీక్ష చేసి, జావ తప్ప ఏదీ తగలకూడదని చెప్పి, దీర్ఘకాలిక సెలవు రాసిచ్చాడు. ఫైల్లో మాత్రం ‘సాధనము మరమ్మతులో ఉన్నది’ అని రాశారు.

ఇన్‌ఛార్జిగా శమంతకమణి గారు వచ్చారు. మంచావిడ. పొద్దున ఏమీ తినరు, మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ తింటారు. బయటి పదార్థం ముట్టరు. తటవర్తి గారు ఆవిడకు ఉత్తర్వు చూపించి, ఉదరం గురించి వివరించబోతే, “నాకు ఆ అలవాటు లేదండీ” అని సున్నితంగా ఫైలు పక్కన పెట్టేశారు. స్క్రీన్ల మీద ‘లోపాలు: శూన్యం’ యథాప్రకారం పచ్చగా వెలిగింది.

తాటాకుల సందు వాల్వు మళ్ళీ బిగిసింది. ఈసారి నేను వెళ్ళేసరికి నూకరత్నం గారు పెద్ద ఇడ్లీ పాత్రను కొట్టు అరుగు మీద బోర్లించి, బూడిద పెట్టి తోముతోంది. నీళ్ళు లేక పొడిగానే తోముతోంది.

“ఏంటక్కా ఇది?”

“అమ్మేత్తన్నాను తమ్ముడూ. కొనేటోడు రేపు పొద్దున్నే ఆటో ఏసుకొత్తానన్నాడు. మా ఆయన పోయినప్పుడు ఈ పాత్రే నన్నూ నా పిల్లనీ సాకింది. మీ దొరగారికి ఆకలేసినన్నాళ్ళూ నాకు నీళ్ళొచ్చినియ్. ఇప్పుడొచ్చినావిడికి ఆకలెయ్యదంట కదా. ఆవిడికి ఆకలెయ్యకపోతే నా పొయ్యెందుకు ఆరాలో నాకైతే తెలీదు.”

నాకూ తెలియలేదు. ఆఫీసుకొచ్చి కంప్యూటరు ముందు కూర్చుని ఉత్తర్వు మళ్ళీ చదివాను. ‘సకల లోపముల నమోదునకు ఉదరమే అధీకృత సాధనము.’ విశ్వపతి గారు సెలవులో ఉన్నారు గానీ ఉత్తర్వు సెలవులో లేదు. పైగా ఎవరి ఉదరమో అందులో ఎక్కడా రాయలేదు.

జలగడియ తెరిచి, మొదటి సమావేశంలో నేను అడిగిన కన్నమే పెట్టాను. సరిగ్గా అదే. అక్కడ ఎవరికి నచ్చిన పరికరం వాళ్ళు తగిలించుకోవచ్చు, వద్దంటే మానేయొచ్చు. దానికి ‘ఉదరం’ అని పేరు పెట్టాను. మా ఊరి ప్రోగ్రాములో ఆ ఉదరానికి తయారుగా దొరికే లాగింగ్ పరికరం ఒకటి తగిలించాను. ఉత్తర్వు ప్రకారం లైబ్రరీకి ఉదరం అమర్చానని తటవర్తి గారికి నోటు పెట్టాను.

ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. “లైబ్రరీ ఏ బయటి పరికరముపైన అయినా ఆధారపడుచున్నదా?”

“లేదండి. ఉదరం ఖాళీగానే ఉంటుంది. దాంట్లో ఏం వేసుకోవాలన్నది వాడుకునే ఊరివాళ్ళ ఇష్టం. మన డైరెక్టరు గారి విషయంలోనూ టిఫిన్లు ఊరివాళ్ళే కదండీ పంపింది.”

“అది వాస్తవము.” నోటు ఇంకోసారి తిరగేశారు. “గోపాలం గారూ, సూటిగా అడుగుచున్నాను. ఈ ఉదరమునకు కన్నమేమైనా ఉన్నదా?”

“నోరుందండి. నోరు లేని ఉదరం ఎలా ఉంటుందండీ?”

తటవర్తి గారు కలం పట్టుకుని చాలాసేపు నా వైపు చూశారు. అంత తెలివితక్కువ మనిషేమీ కాదని నాకు ఆ చూపులో అనుమానం వచ్చింది. ఆయన కూడా కొన్నాళ్ళుగా ఇంటి నుంచి పెరుగన్నం తెచ్చుకుని తింటున్నారు.

“నోరు ఉండవచ్చును” అన్నారు. “కన్నము మాత్రము ఉండరాదు.” సంతకం పెట్టేశారు.

మర్నాడు పొద్దున్నే డ్యూటీ ఇంజనీరు ఫోను మోగింది. ‘ఉదరం: తాటాకుల సందు: వాల్వు తెరుచుకోలేదు’ అని వచ్చింది. లోపలి నుంచి వచ్చిన సమాచారం కనక ఎవరూ ప్రశ్నించలేదు. మనుషులు పరుగెత్తారు. నేను సందులోకి వెళ్ళేసరికి ఆటో వచ్చి ఉంది. కొనడానికొచ్చినవాడు పాత్ర ఒక చెవి పట్టుకుని లాగుతున్నాడు, నూకరత్నం గారు రెండో చెవి పట్టుకుని వదలడం లేదు. ఇద్దరి మధ్యా పాత్రలోకి కుళాయి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

“బేరం లేదు, ఎల్లు నాయనా” అంటోంది ఆవిడ. “ఎల్లు. పప్పు నానెయ్యాలి.”

ఇప్పుడు మా జలగడియ పేరు దూరదూరాలకు పాకింది. పై నుంచి సర్క్యులరు కూడా వచ్చింది, శాఖలోని ప్రతి సాఫ్ట్‌వేరుకూ విధిగా ఒక ఉదరం ఉండాలని. పక్క శాఖవాళ్ళు పేగులు కూడా రాయాలా అని వివరణ కోరారు. తటవర్తి గారు ‘పరిశీలనలో ఉన్నది’ అని జవాబిచ్చారు.

విశ్వపతి గారు సెలవు ముగించుకుని వచ్చిన రోజు ఆఫీసుకు రాకుండా నేరుగా తాటాకుల సందుకే వచ్చారు. నేనప్పుడు బెంచీ మీద కూర్చుని టిఫిను చేస్తున్నాను. మనిషి సగమయ్యారు. నా పక్కన కూర్చుని, లైబ్రరీలో ఉదరం ఎలా పనిచేస్తోందని అడిగారు. చెప్పాను. అంతా విని, “అయితే ఇంక నాతో పని లేదన్నమాట” అన్నారు. ఆ మాట అన్న తీరుకి నాకు ఆయన మీద మొదటిసారి జాలేసింది.

నూకరత్నం గారు రెండు ఇడ్లీలు వేసి, పక్కన అల్లం చట్నీ పోసి, ప్లేటు ఆయన చేతిలో పెట్టింది.

“మీ కడుపుకింక డ్యూటీ లేదు బాబూ” అంది. “తినండి.”

ఆయన ఒక ముక్క తుంచి చట్నీలో ముంచుకుని తిన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. చట్నీ ఆ రోజు కూడా కాస్త కారంగానే ఉంది.